డిసెంబరులో గుడ్లు పెట్టిన పిగిలిపిట్ట

ప్రశ్న: మాది హైదరాబాద్, నిజాంపేటలో నాలుగో అంతస్తు ఫ్లాట్. బాల్కనీ గ్రిల్‌కి అల్లుకున్న మనీప్లాంట్ తీగలో ఒక పిట్ట గూడు కట్టింది. నల్లటి తల, దాని మీద చిన్న కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ. నవంబరు 30న గూడు చూశాం. డిసెంబరు 4కి మూడు గుడ్లయ్యాయి, లేత గులాబీ రంగు మీద ఎర్రటి చుక్కలతో ఉన్నాయి. ఇది పక్షులు గుడ్లు పెట్టే కాలం కాదని, అకాలపు గుడ్డు నిలవదని, ఇంటికి కూడా మంచిది కాదేమోనని మా అత్తయ్యగారు అంటున్నారు. తొమ్మిదేళ్ల మా అబ్బాయికేమో రాత్రి చలికి గుడ్లు పాడైపోతాయని ఒకటే టెన్షన్. గూడు హాల్లోకి తెచ్చి పెడదామంటాడు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు డిసెంబరు 20న పెయింటర్లను పంపిస్తారట. అదే వారం పావురాల నెట్ కూడా బిగిస్తారట. సంక్రాంతికి ముందే పని అయిపోవాలంటున్నారు. గూడు పక్కింటి చెట్టు మీదికి మార్చొచ్చా? వాటికి ఏమైనా తిండి పెట్టాలా? అసలు ఈ నెలలో ఎందుకు పెట్టింది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, ముందు కేలెండరు తీసుకోండి. మీ సమస్యలో సగం అక్కడే తేలిపోతుంది.

మీరు చెప్పిన గుర్తులన్నీ పిగిలిపిట్టవే. బుల్‌బుల్ అని కూడా అంటారు. ఇది రోజుకొక గుడ్డు చొప్పున రెండో మూడో పెట్టి పొదగడానికి కూర్చుంటుంది. పొదగడం 12 నుంచి 14 రోజులు. మీ మూడో గుడ్డు డిసెంబరు 4న వచ్చిందనుకుంటే 16, 18 తేదీల మధ్య పిల్లలు బయటికొస్తాయి. పిల్లలు గూట్లో ఉండేది సుమారు పన్నెండు రోజులు. అంటే నెలాఖరుకి గూడు ఖాళీ. ఆ తర్వాత ఓ వారం ఆ తీగలోనే, చుట్టుపక్కల కొమ్మల్లోనే తచ్చాడుతూ ఎగరడం నేర్చుకుంటాయి. జనవరి 6, 7 తేదీలకి మీ బాల్కనీ మళ్ళీ మీది. భోగికి అప్పటికింకా వారం ఉంటుంది. కాబట్టి అసోసియేషన్ వాళ్ళతో పని ఆపమని గొడవ పడక్కర్లేదు. మీ ఒక్క బాల్కనీని ఆఖరున పెట్టుకోమని అడిగితే చాలు. నాలుగైదు అంతస్తులకి రంగులు వేసేవాళ్ళకి ఎటూ ఏదో ఒకటి ఆఖరున ఉండాల్సిందే కదా.

ఇక అకాలం సంగతి. మీ అత్తయ్యగారి మాట తీసిపారేసేది కాదు. ఆవిడ చిన్నప్పుడు ఊళ్ళో చూసిన పిగిలిపిట్టలు ఎండాకాలం మొదలయ్యాక, మరీ ఎక్కువగా వానలతో పాటు గూళ్ళు కట్టి ఉంటాయి. పుస్తకాల్లో కూడా దీని కాలం ఫిబ్రవరి నుంచి ఆగస్టు, సెప్టెంబరు దాకా అనే ఉంటుంది. డిసెంబరు ఆ లెక్కలోకి రాదు. అయితే కాలం అనేది పక్షికి నెల పేరు కాదు. పిల్లల నోట్లో పెట్టడానికి రోజంతా పురుగులు దొరికే నెల ఏదైతే అదే దానికి కాలం. ఊళ్ళో వానకి చేలు పచ్చబడితేనే గొంగళిపురుగులు వచ్చేవి. పిట్ట కూడా అప్పుడే గూడు కట్టేది. నిజాంపేటలో వాన కోసం ఆగాల్సిన పని లేదు. కుండీలకి మీరు రోజూ నీళ్ళు పోస్తారు. రోడ్డు మధ్య డివైడర్ మొక్కలకి ట్యాంకర్ వచ్చి పోస్తుంది. వీధుల వెంట నాటిన సింగపూర్ చెర్రీ ఏడాది పొడవునా కాస్తూనే ఉంటుంది, పిగిలిపిట్టలకి అదంటే ప్రాణం. రావి, మర్రి, మేడి చెట్లు అన్నీ ఒకేసారి పండవు. ఒక చెట్టు ఖాళీ అయ్యేసరికి ఇంకో వీధిలో ఇంకోటి పండుతుంది. దానికి తోడు ఏ నవంబరు తుపానో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పురుగులకి కొదవే ఉండదు. అలాంటి చోట ఆడపిట్ట ఇది మార్గశిరమా ఆషాఢమా అని చూసుకుంటుందా?

ఆ మాటకొస్తే చలికాలంలో పిల్లల్ని చెయ్యడం మన ప్రాంతానికి కొత్త కూడా కాదు. నేలపట్టు, ఉప్పలపాడు, తేలినీలాపురంలలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచేది చలికాలంలోనే. వానలకి చెరువులు నిండి, చేపలు పెరిగి, నీళ్ళు మెల్లగా తగ్గుతున్నప్పుడు వాటి పిల్లలకి తిండి బాగా దొరుకుతుంది. రామచిలకలు కూడా చలి ఉండగానే చెట్టు తొర్రల కోసం కొట్లాట మొదలుపెడతాయి. కాబట్టి డిసెంబరు గుడ్డు అశుభమైతే సగం కొంగలు అశుభమే అవ్వాలి. అత్తయ్యగారితో ఈ మాట నవ్వుతూనే చెప్పండి. ఆవిడ చూసింది నిజమే, మారింది ఊరు.

మీరు రాయలేదు గానీ నాకో అనుమానం ఉంది. ఆ తీగ పైన బాల్కనీ లైటు ఉందా? రాత్రంతా వెలుగుతుందా?

ఎందుకు అడుగుతున్నానంటే దీని వెనక ఒక పాత కథ ఉంది. 1920ల్లో కెనడాలోని ఎడ్మంటన్‌లో విలియం రోవన్ అనే జీవశాస్త్రవేత్త జంకో అనే చిన్న పక్షుల్ని పట్టి ఆరుబయట పంజరాల్లో ఉంచాడు. చలికాలం ముదురుతున్న కొద్దీ ఒక పంజరంలో కరెంటు దీపాలు పెట్టి, రోజుకి కొన్ని నిమిషాల చొప్పున పగటిని పొడిగిస్తూ పోయాడు. బయట చలి సున్నాకి చాలా దిగువ. అయినా దీపాలున్న పంజరంలో మగ పక్షుల వృషణాలు వసంతం వచ్చినట్టే పెరిగాయి. దీపాలు లేని పంజరంలో పెరగలేదు. పక్షి శరీరానికి సంకేతం ఇచ్చింది వేడి కాదు, వెలుగు. తర్వాత తెలిసిన ఇంకో వింత ఏమిటంటే, పక్షులు ఈ వెలుగు లెక్కని కళ్ళతో మాత్రమే చూడవు. మెదడు లోపల వెలుగుకి స్పందించే కణాలు ఉన్నాయి. పల్చటి పుర్రె గుండా వెలుగు నేరుగా అక్కడికి చేరుతుంది.

మరి రాత్రి దీపాల మాటేమిటి? జర్మనీలో మ్యూనిక్ నగరం నుంచి, ఒక అడవి నుంచి బ్లాక్‌బర్డ్ అనే పక్షుల్ని తెచ్చి పరీక్షించారు. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. రాత్రిపూట 0.3 లక్స్ వెలుగు, అంటే ఇంచుమించు నిండు పున్నమి వెన్నెలంత, పడిన పక్షుల్లో సంతాన అవయవాలు మామూలు కన్నా దాదాపు నెల ముందే సిద్ధమయ్యాయి. మీ బాల్కనీ ఎల్‌ఇడి బల్బు కింద కూర్చున్న పిట్ట మీద దానికి ఎన్నో రెట్లు పడుతుంది.

అలాగని నేరమంతా లైటు మీద వెయ్యను. మ్యూనిక్‌లో పగలు చలికాలంలో ఎనిమిది గంటలు, ఎండాకాలంలో పదహారు. మన హైదరాబాద్‌లో డిసెంబరు పగలు పదకొండు గంటలు, జూన్‌లో పదమూడు. రెండు గంటల తేడా. పగటి పొడుగులో అంత చిన్న మార్పుని కూడా కనిపెట్టే పక్షులు ఉన్నాయి, పనామా అడవుల్లో ఒక చీమల పిట్ట పదిహేడు నిమిషాల తేడాని గుర్తుపడుతుందని పరీక్షలో తేలింది. అయినా మన దగ్గర వానకీ తిండికీ ఉన్న బలం వేరు. నా అంచనా అడిగితే, మీ పిట్ట విషయంలో ముందు నీళ్ళు పోసిన కుండీలు, తర్వాత చెర్రీ చెట్లు, ఆ తర్వాతే లైటు.

రోవన్ వాడిన జంకోల గురించి ఇంకో ముక్క చెప్పి ముందుకెళ్తాను. అదే జాతి పక్షులు 1980ల మొదట్లో అమెరికాలో శాన్ డియేగో నగరంలోని విశ్వవిద్యాలయం ఆవరణలో కాపురం పెట్టాయి. కొండల మీద ఉండే వాటి చుట్టాలు మే నుంచి జులై దాకా, రెండు మూడు నెలల్లో పిల్లల పని ముగిస్తాయి. ఆవరణలో చేరినవి ఫిబ్రవరి చివర్లో మొదలుపెట్టి ఆగస్టు దాకా గూళ్ళు కడుతూనే ఉన్నాయి. తడిపే పచ్చిక, చలి లేని సముద్రతీరం. కారణం మీ మనీప్లాంట్ కథే.

అన్ని పక్షులూ ఇలా మారవు. గిజిగాడిని చూడండి, దానికి గూడు అల్లడానికి పచ్చటి పొడుగాటి గడ్డి పోచలు కావాలి, వానలు పడితే తప్ప దొరకవు. డిసెంబరులో గిజిగాడు గూడు మొదలుపెట్టడం మీరు చూడరు. కాకి నగరంలోనే పుట్టి పెరిగినా సాధారణంగా ఎండలు ముదిరే దాకా గూడు కట్టదు. కాకి కట్టకపోతే కోయిలకి గుడ్డు పెట్టే చోటు లేదు, కాబట్టి కోయిల కూడా ఆగాల్సిందే. రెండో కొసన పావురం ఉంది. దానికి కాలమే లేదు. పావురాలు తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతు సంచిలో పాలలాంటి పదార్థం తయారుచేసి పిల్లలకి పెడతాయి. పురుగుల కోసం వెతుక్కునే బాధ లేదు. ఎవరో ఒకరు చల్లే గింజలు తిని పన్నెండు నెలలూ పిల్లల్ని చేస్తాయి. మీ అసోసియేషన్ నెట్ బిగించాల్సి వచ్చింది అందుకే. మీ పిగిలిపిట్ట ఈ రెండిటి మధ్య ఉంది. పండు తింటుంది, పూల రేకులు తింటుంది, మొగ్గలు కొరుకుతుంది, వంటింటి కిటికీ దగ్గరకొచ్చి అరటిపండు ముక్క కూడా ఎత్తుకుపోతుంది. కానీ పిల్లలకి మాత్రం పురుగు కావాల్సిందే.

తిండి పెట్టాలా అన్న మీ ప్రశ్న ఇక్కడికొస్తుంది. పెట్టొద్దు. అమెరికాలో ఫ్లోరిడాలో స్క్రబ్ జే అనే పక్షుల మీద ఏళ్ళ తరబడి చేసిన పరిశీలన ఉంది. ఇళ్ళ మధ్య ఉన్న జేలకి మనుషులు వేసే పల్లీలు, గింజలు ఎప్పుడూ దొరుకుతాయి, దాంతో అవి అడవిలో జేల కన్నా ముందుగా గుడ్లు పెట్టేస్తాయి. తీరా పిల్లలు బయటికొచ్చేసరికి గొంగళిపురుగులు సరిపడా ఉండవు. అడవి గూళ్ళలో కన్నా ఆ గూళ్ళలో చిన్నపిల్లలు ఎక్కువ చచ్చిపోయాయి. తల్లిని నమ్మించి ముందుకి తోసింది గింజ, పిల్లని నిలబెట్టలేకపోయింది కూడా గింజే. పట్నంలో అకాలపు కాన్పుకి ఉన్న అసలు ప్రమాదం ఇదీ, చలి కాదు. కాబట్టి అన్నం, బ్రెడ్డు, బియ్యం వంటివి గూడు దగ్గర పెట్టకండి. అన్నం మెతుకుకి కాకి వస్తుంది, వచ్చిన కాకి గూడు చూడకుండా పోదు. మీరు చెయ్యగలిగింది ఒకటుంది: ఈ నెల రోజులూ కుండీలకి పురుగుల మందు కొట్టకండి. మందార మొక్కకి పిండినల్లి పట్టినా సరే ఓర్చుకోండి. కింద తోటమాలి మందు కొడుతుంటే అతనికి కూడా ఒక మాట చెప్పండి. ఒక చిప్పలో నీళ్ళు పెట్టాలనిపిస్తే బాల్కనీలో కాకుండా టెర్రస్ మీద పెట్టండి.

మీ అబ్బాయికి చలి గురించి ఇలా చెప్పండి. పొదిగే పిట్టకి పొట్ట కింద ఈకలు రాలి, చర్మం బయటపడి, అక్కడికి రక్తం ఎక్కువగా పారుతుంది. ఆ వెచ్చటి చోటుని గుడ్లకి ఆనించి కూర్చుంటుంది. రాత్రంతా లేవదు. హైదరాబాద్ డిసెంబరు చలి దానికి లెక్కలోది కాదు. గూడు హాల్లోకి తెస్తే గుడ్లకి ఫ్యాన్ గాలి, టీవీ వెలుగు దొరుకుతాయి గానీ అమ్మ దొరకదు. పిట్ట గుర్తుపెట్టుకునేది గూటిని కాదు, గూడున్న చోటుని. చోటు మారితే దాని లెక్కలో గూడు పోయినట్టే.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. పన్నెండేళ్ళ కింద మా బాల్కనీలో బట్టలారేసే తీగకి తేనెపిట్ట గూడు వేలాడదీసింది. బట్టలు తగులుతున్నాయని, దానికి మంచి చేస్తున్నాననుకుని, నాలుగడుగుల అవతల కొక్కానికి జాగ్రత్తగా మార్చాను. దారం కూడా తెగనివ్వలేదు. తల్లి వచ్చి పాత చోట గాల్లో రెక్కలాడిస్తూ నిలబడింది. అలా ఆ పూటంతా వచ్చింది, పోయింది. పక్కనే వేలాడుతున్న తన గూటి వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. సాయంత్రానికి భయపడి నేను మళ్ళీ పాత చోట కట్టాను, మర్నాడు రాలేదు. అందుకే పక్కింటి చెట్టు ఆలోచన మానుకోండి.

మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందని అంటారు, అది వాసన వల్ల కాదు. మాటిమాటికీ వెళ్ళి తొంగిచూస్తే బెదిరి వదిలేస్తుంది. మీ అబ్బాయిని రోజుకి రెండుసార్లు, గ్లాసు తలుపు వెనక నుంచి చూడనివ్వండి. ఫోన్ గూటి మీదికి చాపి ఫొటోలు వద్దు. తల్లి లేచి కూత పెడితే వెనక్కి వచ్చెయ్యమని చెప్పండి. నీళ్ళు మొక్క మొదట్లో పొయ్యండి, తీగ మీద చిమ్మకండి. లైటు ఉంటే రాత్రి తొమ్మిదికి ఆర్పెయ్యండి. క్రిస్మస్‌కి, కొత్త సంవత్సరానికి మిణుకు లైట్ల దండ ఆ గ్రిల్‌కి చుట్టే అలవాటుంటే ఈ ఏడాదికి హాల్లో చుట్టుకోండి.

పెయింటర్ల కన్నా నాకు నెట్ మీద భయం ఎక్కువ. పెయింటర్ మనిషి, చెప్తే వింటాడు. నెట్ వాళ్ళు తల్లి బయటికెళ్ళిన పది నిమిషాల్లో బిగించేసి వెళ్ళిపోతారు. తల్లీ తండ్రీ బయట, పిల్లలు లోపల. మీరు ఆఫీసులో ఉంటే సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు. ఇప్పుడే వాళ్ళకి ఫోన్ చేసి మీ ఫ్లాట్ నంబరు చెప్పి, జనవరి రెండో వారంలో రమ్మనండి. బాల్కనీ గ్రిల్‌కి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కట్టండి, తెలుగులోనూ హిందీలోనూ. పనివాళ్ళు చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు.

సెక్రటరీగారు మొండికేస్తే ఒక విషయం మెల్లగా చెప్పండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే అడవి పక్షుల గుడ్లు పాడుచెయ్యడం, గుడ్లనీ గూళ్ళనీ కదిలించడం కూడా కలిసి ఉన్నాయి. పిగిలిపిట్ట బాల్కనీలో ఉన్నా చట్టం దృష్టిలో అడవి పక్షే. ఇది మొదటి మాటగా వాడకండి, ఆఖరి మాటగా దాచుకోండి. మామూలుగా రెండు మూడు వారాల వాయిదా అడిగితే కాదనే సెక్రటరీలు తక్కువ.

నెలాఖరున ఒక రోజు మీ అబ్బాయి పరిగెత్తుకొచ్చి పిల్ల కింద పడిపోయింది అంటాడు. కంగారు పడకండి. పిగిలిపిట్ట పిల్లలు సరిగ్గా ఎగరడం రాకముందే గూడు వదిలేస్తాయి, తోక పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. ఒంటి నిండా ఈకలుండి గెంతుతుంటే అది పడలేదు, దిగింది. తీసి తీగ మీద పెట్టి లోపలికి రండి, తల్లిదండ్రులు అక్కడే ఉండి తినిపిస్తాయి. ఈకల్లేని పిల్ల అయితే మాత్రం నిజంగానే పడినట్టు. మెల్లగా తీసి గూట్లో పెట్టండి, మీ చెయ్యి తగిలినంత మాత్రాన ఏమీ కాదు. అట్టపెట్టెలో పెట్టి పాలు, బిస్కెట్ తినిపించడం మాత్రం చెయ్యొద్దు. పిల్లలు దిగిన వారం రోజులూ కింది ఫ్లాటు పిల్లి సంగతి కాస్త చూసుకోండి.

ఇంకో మాట, మీరు అడగకపోయినా చెప్పాలి. ఆ పిల్లలు రెక్కలు నిలదొక్కుకునే సరికి సంక్రాంతి గాలిపటాలు లేస్తాయి. మీ టెర్రస్ మీద చైనా మాంజా వాడే పిల్లలుంటే ఈ గూడు చూపించి మాట్లాడండి. అది అమ్మడం, వాడడం ఎటూ నిషేధమే. వారం వయసున్న రెక్కకి ఆ దారం కనిపించదు. పండగ ముగిశాక చెట్లకి చిక్కుకున్న దారాలు మీ అబ్బాయి చేత ఏరించండి, పండగ తర్వాతి రోజుల్లో కూడా పిట్టలు వాటిలో చిక్కుకుని చనిపోతుంటాయి.

గుడ్లు 18వ తేదీ దాటి, 22 దాటి కూడా పగలకపోతే? అది కూడా జరుగుతుంది, మంచి కాలంలో కూడా జరుగుతుంది. పిగిలిపిట్ట గూళ్ళలో చాలావి పిల్లలు ఎగిరే దాకా నిలవవు. జెముడు కాకి ఎత్తుకుపోవచ్చు, గుడ్లు ఒట్టివి కావచ్చు. తల్లి తనంతట తాను వదిలేసి వెళ్ళిపోతుంది. అలా అయితే అబ్బాయికి దాచకుండా చెప్పండి, అత్తయ్యగారు నేను ముందే చెప్పానన్నా ఊరుకోండి.

గూడు ఖాళీ అయ్యాక తీసెయ్యొచ్చు, రంగులు కూడా వేయించుకోవచ్చు. నెట్ వాళ్ళని మాత్రం ఆ తీగ వైపు కాకుండా ముందు రెండో వైపు నుంచి మొదలుపెట్టమనండి. పిగిలిపిట్టలు కాన్పు బాగా జరిగితే అదే చుట్టుపక్కల మళ్ళీ కడుతుంటాయి. నెట్ ఆఖరి మూల బిగించే ముందు తీగలోకి ఒకసారి చెయ్యి పెట్టి తడిమి చూడండి.